అతుకుకు రెండో వైపు

మా పర్చూరు వైపు ఎక్కడైనా పాత అంబాసిడర్ కనబడితే నేను ముందు చూసేది రంగూ కాదు, ఇంజనూ కాదు. తలుపు తీసి, కప్పు అంచున వాన నీళ్లు జారిపోవడానికి ఉండే సన్నటి గట్టర్‌లో చూపుడు వేలు పెట్టి ముందు నుంచి వెనక దాకా రాస్తాను. వేలికి గట్టులాంటిది ఒకటి ఎగుడుదిగుడుగా తగులుతూ పోతే బండి మీద నమ్మకం కుదురుతుంది. సబ్బుబిళ్ల మీద రాసినట్టు నున్నగా జారితే మాత్రం అనుమానమే. అక్కడ కప్పు రేకూ పక్క రేకూ కలుస్తాయి. ఫ్యాక్టరీలో ఉంచిన ఆ అతుకు కనబడకుండా ఎవరో లప్పంతో పూడ్చేశారన్నమాట.

ఈ అనుమానం నాకు ఊరికే రాలేదు. మా ఇంట్లో ఉన్న 1972 నాటి మార్క్ 2 అంబాసిడర్‌ను కొన్నేళ్ల కిందట ఒక షెడ్డులో ఇచ్చి మొత్తం రంగు వేయించాం. తెచ్చుకున్న రోజు పెళ్లికొడుకులా ఉంది. ఎక్కడా అతుకన్నదే కనబడలేదని ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. రెండో వానాకాలానికి వెనక చక్రం పైభాగాన తలవెంట్రుకంత చీలిక కనిపించింది. మూడో ఏడు ఆ చీలిక పొడుగునా రంగు పొంగి, బజ్జీ మీద పిండి పొర విడిచినట్టు లేచింది. స్క్రూడ్రైవర్ మొనతో తడితే అరచెయ్యంత ముక్క ఊడి చేతిలోకి వచ్చింది. మందం కొలిచాను, తొమ్మిది మిల్లీమీటర్లు. పైన తెలుపు, దాని కింద బూడిద రంగు, ఆ కింద రెడ్ ఆక్సైడ్, అడుగున పొడిపొడిగా రాలుతున్న తుప్పు. మిల్లీమీటరు మందం రేకు మీద తొమ్మిది మిల్లీమీటర్ల లప్పం! బరువుకే ఊడిపోలేదని ఆశ్చర్యపోవాలి.

పాత కారును మళ్లీ నిలబెట్టే పనిలో ప్రశ్నలకు కొదవ లేదు. అయినా రేకుల అతుకులను ఏం చెయ్యాలన్న దగ్గర మేస్త్రీలు, సొంతదారులు, పాత కార్ల ప్రదర్శనల్లో మార్కులు వేసేవాళ్లు ఒక మాట మీద ఉండరు. లప్పం పెట్టి పూడ్చమనేది ఒకరైతే, పొడుగునా వెల్డింగ్ చేసి మూసెయ్యమనేది ఇంకొకరు. సీసం పొయ్యాలనే పాతకాలపు వాళ్లున్నారు. సీలంటు పట్టించి గీతను గీతలాగే వదిలెయ్యమనేవాళ్లూ ఉన్నారు. ఈ తగువంతా నేను విన్నంతలో అతుకు బయటి వైపు గురించే. అతుకుకు రెండో వైపు ఒకటుంది. బండి చచ్చేది అటునుంచి.

అసలు అతుకంటే ఏమిటో చూద్దాం. ప్రెస్‌లో ఒత్తిన రేకులను అంచుల దగ్గర వేలెడు వెడల్పున మడిచి, ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండు రాగి మొనల మధ్య నొక్కి కరెంటు పంపిస్తారు. ఆ చుక్క దగ్గర రెండు రేకులూ కరిగి ఒకటవుతాయి. అదే స్పాట్ వెల్డింగ్. చుక్కకూ చుక్కకూ మధ్య మాత్రం రేకులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయంతే, కలిసి ఉండవు. కాగితం కూడా దూరని ఆ సందులోకి నీళ్లు దూరుతాయి. వత్తి నూనెను పీల్చుకున్నట్టు సందు నీటిని పైకి కూడా పీల్చుకుంటుంది. బయటి అంచు ఎండకు ఆరిపోతుంది, లోపలిది ఆరదు. గాలి బాగా అందే అంచుకంటే గాలి అందని లోపలి భాగమే త్వరగా కరిగిపోవడం లోహాల తీరు. పైగా తుప్పు తాను తిన్న ఇనుముకు రెండు నుంచి ఆరు రెట్ల చోటు అడుగుతుంది. మేకు దిగినట్టు లోపలినుంచి ఉబ్బి రెండు రేకులనూ విడదీస్తుంది. సందు పెరిగిన కొద్దీ నీళ్లు, నీళ్లు పెరిగిన కొద్దీ తుప్పు. మా బండి మీద తలవెంట్రుకంత చీలిక వచ్చింది అందుకే. లప్పం తనంతట తాను చీలలేదు, వెనకనుంచి ఎవరో తోసినట్టు చీలింది.

మా ప్రాంతం ఈ పనికి ఇంకొంచెం ఎరువు వేస్తుంది. ఎరువు అన్నది మాట వరసకు కాదు. 70ల్లో, 80ల్లో ఇక్కడి రైతు ఇంట అంబాసిడర్ ఉందంటే అది పెళ్లిళ్లకూ ఆస్పత్రికీ ఎంత తిరిగిందో పొలానికీ అంతే తిరిగింది. డిక్కీలో పొటాష్ బస్తా, యూరియా బస్తా, పురుగుమందు డబ్బాలు. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్. ఇనుము విషయంలో దానికీ ఉప్పుకూ పెద్ద తేడా లేదు. బస్తా కుట్టు దగ్గర రాలిన గుప్పెడు పొడి డిక్కీ ఫ్లోరు అతుకులో చేరి, గాలిలోని చెమ్మను పీల్చి, ఏళ్ల తరబడి తడిగానే కూర్చుంటుంది. మా డిక్కీలో చిల్లు పడింది సరిగ్గా బస్తా పెట్టే చోటే. నల్లరేగడి సంగతి చెప్పక్కర్లేదు. వానలో చక్రాలు ఎగజిమ్మిన మట్టి మడ్‌గార్డ్ లోపలి మూలల్లో మెత్తి, వారాల తరబడి చెమ్మ పట్టి ఉంచుతుంది. ఇక పత్తి. తలుపు అడుగున నీళ్లు పోవడానికి వదిలిన చిన్న కంతల్లోంచి నేను పిన్నీసుతో లాగింది మట్టి కాదు, దూది పింజ. అటు చీరాల దాటితే సముద్రం, ఉప్పుగాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు వాన ఈదురుగాలితో పాటు అడ్డంగా కొట్టింది. నిలువుగా పడే వాన కోసం పెట్టిన గట్టర్లు అడ్డంగా వచ్చే వానకు ఏం ఆగుతాయి?

 

అన్ని బండ్ల అతుకులూ ఒకటి కావు. ఈ తేడా తెలియకపోవడం వల్లే సగం పనులు చెడుతున్నాయి. మహీంద్రా జీపుది విడి చట్రం. బాడీ దాని మీద కూర్చోబెట్టిన రేకు తొట్టి. దాని అతుకులు మొదటినుంచీ బయటికి కనిపించేవే, దాచాలని చూస్తే జీపు జీపులా ఉండదు. మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌దీ విడి చట్రమే. ఇటలీ డిజైనర్ మికెలొట్టి గీసిన ఆ కారు బాడీని ముక్కలుగా చేసి బోల్టులతో బిగించారు. ముక్కకూ ముక్కకూ మధ్య రబ్బరు ఉంటుంది. ఆ గీతలు దాని ముఖకవళికలు. ఒక హెరాల్డ్ మీద ఆ సందులను పూడ్చి, ఏకరేకుగా చేసి రంగు వెయ్యడం నేను చూశాను. నెల తిరక్కుండా ప్రతి సందు దగ్గరా రంగు పగిలింది. చట్రం ఊగుతుంది, ముక్కలు కదులుతాయి, లప్పం కదలదు. ఫియట్ 1100 వంశంలోని ప్రీమియర్ పద్మినీ, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ వంశంలోని అంబాసిడర్ మాత్రం చట్రమూ బాడీ ఒకటే అయిన బండ్లు. వీటిలో అతుకంటే బండి ఎముక. ఫ్లోరు, తలుపుల కిందుగా పొడుగునా పోయే పెట్టె, వెనక చక్రాల గూళ్లు, ఇవన్నీ అతుకుల బలం మీదే నిలబడ్డాయి. ఇక్కడ తుప్పు అందానికి సంబంధించిన గొడవ కాదు.

కదిలే అతుకును కదలనివ్వాలన్న తెలివి మన తీరానికి కొత్తా కాదు. మసులా పడవల పలకలను మేకులు కొట్టకుండా కొబ్బరి తాళ్లతో కుట్టేవాళ్లు. కెరటం కొట్టినప్పుడు కుట్టు కాస్త సాగుతుంది, పలక విరగదు. మా షెడ్లలో లప్పం పట్టీలు పట్టుకునే చేతులకు ఆ పడవలు ఒకసారి చూపించాలనిపిస్తుంది.

లప్పం గురించి అన్యాయంగా మాట్లాడకూడదు. పాలిస్టర్ లప్పం 1950ల నడుమ అమెరికాలో వచ్చినప్పుడు అది సీసం పనికి బదులుగా వచ్చిన చవక వరం. సొట్టలు పూడ్చడానికి దాన్ని మించింది లేదు. రెండు మూడు మిల్లీమీటర్ల మందంలో, శుభ్రమైన గట్టి రేకు మీద అది ఏళ్లకేళ్లు నిలుస్తుంది. కాని అందులో కలిపే టాల్క్ పొడి చెమ్మను పీలుస్తుంది. వెనకనుంచి నీళ్లు వచ్చే అతుకు మీద దాన్ని రుద్దడమంటే తడిగోడకు సున్నం వెయ్యడం. మన మే నెల ఎండలో ఇంకో చిక్కు. హార్డెనర్ నూటికి రెండు పాళ్లు కలపమని డబ్బా మీద ఉంటుంది. నలభై డిగ్రీలు దాటిన రేకుల షెడ్డులో ఆ లెక్కన కలిపినా పట్టీ మీదే గట్టిపడిపోతుంది. మేస్త్రి గబగబా దట్టంగా రుద్ది, మిగతాది వాటర్ పేపర్‌కు వదిలేస్తాడు. తొమ్మిది మిల్లీమీటర్లు అలా పుడతాయి.

సీసం సంగతి వేరు. 1930ల నుంచి అమెరికా, ఐరోపా ఫ్యాక్టరీలు కప్పు రేకూ వెనక పక్క రేకూ కలిసే చోట, కంటికి గీత కనిపించకూడదనుకున్న చోట, సీసం పూసేవి. డెబ్బై పాళ్లు సీసం, ముప్పై పాళ్లు తగరం. ఆ మిశ్రమం ఒక్కసారిగా కరగదు. 183 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలై, 255 డిగ్రీల దగ్గర గానీ పూర్తిగా నీరవదు. ఆ మధ్యలో గట్టి వెన్నలా ఉంటుంది. కొవ్వో తేనెమైనమో రాసిన చెక్క పట్టీతో దాన్ని అతుకు మీద పరుచుకుంటూ పోవచ్చు. చల్లారాక ఆకురాయితో సాపు చేస్తారు. అయితే ముందు రేకుకు తగరం పట్టించాలి. రేకును తళతళలాడేలా రుద్ది, ఫ్లక్సు రాసి, వేడి చేసి, పలచని తగరం పూత.

ఈ మాట చదివిన మా తరం వాళ్లకు ఒక దృశ్యం గుర్తొచ్చి తీరాలి. కళాయి! వీధి చివర చిన్న గుంట తవ్వి, తిత్తి ఊదుతూ, ఇత్తడి గిన్నెను నిప్పుల మీద తిప్పి, నవాసారం చల్లగానే తెల్లటి పొగ గుప్పుమని లేచేది. తగరం కడ్డీ అలా తాకించి, దూది ఉండతో గిన్నె లోపల ఒక్క చుట్టు తిప్పితే అద్దంలా మెరిసేది. నవాసారం ఫ్లక్సు, దూది ఉండ పట్టీ. డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీ కార్మికుడు చేసిన తగరం పూతకూ మా వీధి కళాయి పనికీ సూత్రంలో తేడా లేదు. కళాయి పని తెలిసిన చేతులు ఊరూరా ఉన్న రోజుల్లో మన షెడ్లలో ఎవరూ ఆ రెంటినీ కలపలేదు. స్టీలు గిన్నెలు వచ్చాయి, కళాయి పోయింది. ఇప్పుడు పాత కార్ల మోజు వచ్చి, సీసం పని తెలిసినవాళ్ల కోసం బెంగళూరు దాకా ఆరా తీస్తున్నాం.

సీసానికి ఉన్న ముప్పు చిన్నదేం కాదు. కరిగేటప్పటి కంటే రుద్దేటప్పుడే ప్రమాదం. గ్రైండరు పెడితే లేచే పొడి ఊపిరితిత్తుల్లోకీ, బట్టల మీదుగా ఇంట్లో పిల్లలకూ పోతుంది. ఆకురాయితోనే గీకాలి, రజను తడిగుడ్డతో ఎత్తాలి, చేతులు కడక్కుండా అన్నం ముట్టకూడదు. ఫ్లక్సులోని ఆమ్లాన్ని సోడా నీళ్లతో కడగకపోతే నెలా రెండు నెలల తర్వాత రంగు కింద బొబ్బలు లేస్తాయి. నా మటుకు నేను సీసాన్ని రెండు చోట్లే ఒప్పుకుంటాను. ఫ్యాక్టరీ స్వయంగా సీసం పోసిన చోట ఒకటి, తలుపు అంచులాంటి తగిలే చోట రెండోది. అక్కడ లప్పం ముక్కలుగా రాలుతుంది, సీసం రాలదు.

పొడుగునా వెల్డింగ్ చేసి అతుకును లేకుండా చేసే పద్ధతి చూడ్డానికి తెలివైనదిగా ఉంటుంది. సీవోటూ వెల్డింగ్ చవకయ్యాక ఇది బాగా పెరిగింది. కాని మిల్లీమీటరు రేకుకు అంత వేడి ఒకే వరసలో ఇస్తే అది అప్పడంలా వంకర్లు తిరుగుతుంది. ఆ వంకరను పూడ్చడానికి మళ్లీ లప్పమే. అదీగాక బయట గీత మూసినా లోపలి మడతలు రెండూ ఆనుకునే ఉంటాయి. వెల్డింగ్ వేడికి వాటి మధ్య ఉన్న కాస్త పాత పూత కూడా మాడిపోతుంది. కుళ్లిన భాగం కోసి కొత్త రేకు వెయ్యాల్సి వస్తే మంచి పద్ధతి పాతదే. స్పాట్ చుక్కలను డ్రిల్లుతో తీసి, అదే వరసలో కొత్త రేకుకు కంతలు పెట్టి, ఆనుకునే రెండు ముఖాలకూ వెల్డింగ్‌ను తట్టుకునే జింకు ప్రైమర్ కొట్టి, బిగించి, కంతలను ఒకటి ఇక్కడ ఒకటి అక్కడ పూడుస్తూ పోవాలి. అప్పుడు అతుకు ఫ్యాక్టరీ అతుకులాగే ఉంటుంది, బలమూ అంతే.

సీలంట్లలో చెప్పుకోవలసింది ఎక్కువే గాని, ఆచరణలో తేలేది కొంచెమే. ఫ్యాక్టరీలు ఆ రోజుల్లో వాడింది నూనె కలిసిన ముద్ద. ఇరవై ముప్పై ఏళ్లకు అది ఎండి, బెల్లం అచ్చులా పెళుసై, రేకును విడుస్తుంది. పాత బండిలో దాన్ని హీట్ గన్‌తో మెత్తబరిచి పూర్తిగా గీకాల్సిందే, పైన కొత్తది పూస్తే కుదరదు. ఇప్పుడు దొరికే వాటిలో పీయూ (పాలీయురేథేన్) సీలంటు మన తీరానికి సరిపోతుంది. అది గాలిలోని చెమ్మతోనే గట్టిపడుతుంది, గట్టిపడ్డాక కూడా రబ్బరులా సాగుతుంది, మీద రంగు నిలుస్తుంది. బాత్రూం టైల్సుకు వాడే సిలికాన్ మాత్రం కారు దగ్గరికి రానివ్వకూడదు. ట్యూబు నొక్కగానే వెనిగర్ వాసన వస్తుందే, అది ఎసిటిక్ ఆమ్లం. రేకును తినడానికి మనమే ఆమ్లం పూసినట్టు. దాని మీద రంగూ నిలవదు, ఆ పక్కన కూడా రంగు గుంటలు గుంటలుగా విడిపోతుంది. నీళ్ల ట్యాంకు చిల్లులకు పెట్టే ఎపాక్సీ ముద్ద రాయిలా గట్టిపడుతుంది గాని సాగదు. అడుగున డాంబరు పూయడం మన దగ్గర పాత అలవాటు. బాగున్న రేకు మీద అది కొంత కాస్తుంది, తుప్పు మీద పూస్తే చెమ్మను లోపల పెట్టి తలుపు వేసినట్టే.

వరస ముఖ్యం. ముందు ఉత్త రేకు మీద ఎపాక్సీ ప్రైమర్, దాని మీద సీలంటు, దాని మీద రంగు. మా దగ్గర తరచూ సీలంటునే నేరుగా రేకుకు పట్టిస్తారు. అంచు ఎక్కడ లేచినా దాని కింద కాపలా ఎవరూ ఉండరు.

ఈ సంగతులన్నీ నాకు పుస్తకాల్లో కొంత, విజయవాడ ఆటోనగర్‌లో లారీ క్యాబిన్ల మీద చెయ్యి తిరిగిన ఒక మేస్త్రి దగ్గర కొంత తెలిశాయి. రెండోసారి బండి ఆయన చేతికే ఇచ్చాను. ఊడిన లప్పం ముక్క చూపించి, “బాబాయ్, ఈసారి మంచి కంపెనీ లప్పం పెడితే ఆగుద్దా?” అనడిగాను.

ఆయన ముక్కను తిరగేసి తుప్పు వైపు చూశాడు. “లప్పం మంచిదే అబ్బాయ్. ఇది పైనుంచి పోలేదు. నువ్వు లోపల సీటు పీకించావా?”

పీకించలేదు. పీకిస్తే కనిపించింది, వెనక చక్రం గూడు లోపలి అతుకులో ఒక్క చుక్క సీలంటు లేదు. బయట మూడు పొరల మెరుపు, లోపల ఉత్త రేకు. ఆయన పనిలో సగం రోజులు నాకు కనిపించని చోటే గడిచాయి. తలుపుల కిందుగా పోయే పెట్టెలోకి పొడుగు గొట్టంతో మైనం చిమ్మాడు. తలుపు అడుగు మడత కిరసనాయిలు డబ్బా అంచు మడతలాగే ఉంటుంది, దాని లోపలి కొసన సీలంటు రాసి, నీళ్లు పోయే కంతలు మాత్రం మూసుకుపోకుండా అగ్గిపుల్లలు గుచ్చి ఉంచాడు. గట్టర్‌లో సీలంటును చిన్న కుంచెతో అద్దాడు, కుంచె గీతలు అలాగే వదిలేశాడు. నున్నగా చెయ్యమని అడగబోయి నాలుక కరుచుకున్నాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అంబాసిడర్లో అక్కడ నున్నగా ఉండేది కాదు.

ఆ మాటకొస్తే ఇప్పుడు చట్టం కూడా ఆ కుంచె గీతల వైపే ఉందనుకోవచ్చు. 2021 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించి, యాభై ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్‌గా నమోదు చేసుకునే వీలు కల్పించింది. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు. బండి అసలు రూపంలో ఉండాలి, చట్రంలో గాని, బాడీలో గాని, ఇంజనులో గాని పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు అన్నది షరతు. అతుకు పూడ్చడం పెద్ద మార్పా కాదా అని ఏ అధికారీ వేలు పెట్టి చూడడు. పాత కార్ల ప్రదర్శనలో కూర్చునే పెద్దమనిషి చూస్తాడు. అంబాసిడర్ ఉత్పత్తి 2014లోనే ఆగిపోయింది, కాబట్టి ఉన్న బండ్లే ఇక సాక్ష్యం. ఫ్యాక్టరీ ఎక్కడ గీత వదిలిందో, ఎక్కడ కుంచె లాగిందో తెలియడానికి ముట్టుకోని బండ్లు కొన్ని మిగలాలి. మెరుపు కోసం వాటిని కూడా సాపు చేసేస్తే రేపటి మేస్త్రికి చూసి నేర్చుకోవడానికి ఏమీ ఉండదు.

రంగుకు ముందు రోజు సాయంత్రం బాబాయ్ ఒక పరీక్ష పెట్టాడు. మా ఇంట్లోంచి డబ్బాడు ముగ్గుపిండి అడిగి తీసుకుని, డిక్కీ లోపల అతుకుల పొడుగునా పలచగా చల్లాడు. మూత వేసి, కుర్రాడి చేత బయటినుంచి పావుగంట పైపుతో నీళ్లు కొట్టించాడు, ముందు కిందినుంచి, తర్వాత మెల్లగా పైకి. మూత ఎత్తి టార్చి వేశాం. ఫ్లోరు అతుకులు పొడిగా ఉన్నాయి, చక్రాల గూళ్లు పొడిగా ఉన్నాయి. ఎడమ టెయిల్ లైటు మూల దగ్గర మాత్రం తెల్లటి పిండి మీద వేలెడంత బూడిదరంగు మచ్చ. నేను బయటినుంచి ఆ మూలకు ఇంకో వరస సీలంటు పెడితే సరిపోతుందేమో అన్నాను. ఆయన చెప్పులు విడిచి, టార్చి పళ్ల మధ్య కరిచి, డిక్కీలోకి ఎక్కాడు.